అద్దె కారులో గోవా

ఉద్యోగికి సెలవు ఎప్పుడూ చిన్నదే. షిఫ్టులు, వార్షిక మరమ్మతులు, ఆడిట్లు, పిల్లల పరీక్షలు – వీటి నడుమ నుండి నాలుగు రోజులు మిగుల్చుకోవడమే ఒక కార్యసాధన. ఆ నాలుగు రోజులలో ఒక కొత్త ప్రదేశాన్ని చూడదలచిన వారికి సాధారణంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది టూరిస్టు బస్సు. అది చౌక, కాని గడియారం గైడు చేతిలో ఉంటుంది. రెండవది డ్రైవరుతో కూడిన టాక్సీ. అది సుఖం, కాని ఖర్చు ఎక్కువ, పైగా మనం ఎక్కడ ఎంతసేపు నిలిచినా బయట ఒక మనిషి మనకోసం ఎదురుచూస్తున్నాడన్న ఆలోచన మనసును తొందర పెడుతూనే ఉంటుంది. మూడవ మార్గం ఒకటి ఉన్నది. ఒక చిన్న కారును అద్దెకు తీసుకొని మనమే నడుపుకోవడం. మన దేశంలో ఈ పద్ధతి బాగా వేళ్ళూనుకొన్న ప్రాంతాలలో గోవా ముఖ్యమైనది.

గోవా చిన్న రాష్ట్రం. విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుండి దక్షిణానికి సుమారు 105 కిలోమీటర్లు, తూర్పు పడమరలకు సుమారు 60 కిలోమీటర్లు. అంటే రాష్ట్రంలో ఏ మూలనుండి బయలుదేరినా చీకటి పడేలోగా బసకు తిరిగి చేరవచ్చును. స్వయంగా కారు నడుపుకొనేవారికి ఇంతకంటె అనుకూలమైన ప్రదేశం అరుదు.

మా ప్రయాణానికి మరొక కారణం కూడా ఉన్నది. మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. ఆమె బాల్యంలో 1955 నాటి ‘సంతానం’ చిత్రంలోని ఒక పాట ఇంటింటా వినిపించేదట. తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ అక్క పాడే పాట అది. సుసర్ల దక్షిణామూర్తి స్వరరచనలో లతా మంగేష్కర్ పాడినది. నలుగురు తమ్ముళ్ళకు అక్క అయిన మా అమ్మ ఆ పాటతోనే వారిని నిద్రపుచ్చింది. ఆ తరువాత మమ్మల్నీ నిద్రపుచ్చింది. 2022 ఫిబ్రవరి 6న లతా మంగేష్కర్ కన్నుమూసినప్పుడు, ఆ ఇంటిపేరు గోవాలోని మంగేషి అనే ఊరి పేరు మీదుగా వచ్చినదని అమ్మ టీవీలో విన్నది. తరువాత కొంతకాలానికి మా చిన్న మేనమామ కాలం చేశారు. పదిరోజుల కార్యక్రమాలు ముగిశాక, ఒక సాయంత్రం అమ్మ, “ఆ మంగేషి ఊరు చూడగలనంటావా నాయనా? ఈ మోకాళ్ళతో బస్సు ఎక్కలేను కదా” అన్నది. ఆమె తనకోసం ఏదైనా కోరుకోవడం నేనెరిగినంతలో అదే మొదటిసారి.

ఎల్.టి.సి.పై రైలు టికెట్లు తీసుకొన్నాము. కారు ఖర్చు మాత్రం మా సొంతం. నవంబరు మాసాంతంలో అమ్మ, నేను, నా శ్రీమతి, తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి – నలుగురం బయలుదేరాము.

పాలకడలి మీదుగా

మన ప్రాంతం నుండి గోవా వెళ్ళేవారికి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎంతో అనువైనది. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లుల మీదుగా హుబ్బళ్ళి చేరి, లోండా దాటి, పడమటి కనుమలు దిగి గోవాలో ప్రవేశిస్తుంది. క్యాసిల్ రాక్ నుండి కులేం వరకు ఉన్న దాదాపు 26 కిలోమీటర్ల కనుమ మార్గాన్ని బ్రగాంజా ఘాట్ అంటారు. ఇక్కడ ప్రతి 37 అడుగులకు ఒక అడుగు చొప్పున రైలుమార్గం దిగుతుంది. సొరంగాల చీకటిలోనుండి బయటపడుతూ, మళ్ళీ చీకటిలోకి పోతూ బండి నెమ్మదిగా దిగుతుండగా, హఠాత్తుగా కిటికీ ప్రక్కన దూధ్‌సాగర్ జలపాతం ప్రత్యక్షమవుతుంది. సుమారు 310 మీటర్ల ఎత్తు నుండి అంచెలంచెలుగా దూకే ఆ మాండవీ జలాల ముందునుండే రైలు వంతెన దాటుతుంది. వర్షాలు వెళ్ళి నెలరోజులు దాటినా నీరు పుష్కలంగానే ఉన్నది. పాలకడలి అన్న పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

మడగావ్‌లో దిగాము. అక్కడికి దగ్గరలోని కోల్వా ప్రాంతంలో బస. చాలామంది ఉత్తర గోవాను కోరుకుంటారు. కాని పెద్దవారితో వెళ్ళేవారికి దక్షిణ గోవాయే హాయి. జన సమ్మర్దం తక్కువ, రోడ్లపై రద్దీ తక్కువ.

నంబరు పలక చెప్పే మాట

అద్దె కారు తీసుకొనే ముందు ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. సొంత వాహనానికి తెల్ల పలకపై నల్ల అక్షరాలు ఉంటాయి. డ్రైవరుతో నడిచే టాక్సీకి పసుపు పలకపై నల్ల అక్షరాలు. అద్దెకు తీసుకొని మనమే నడుపుకోవడానికి అనుమతి పొందిన కారుకు నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని అనుసరించి 1989లో కేంద్ర ప్రభుత్వం అద్దె కార్ల పథకాన్ని ప్రకటించింది. ఈ నల్ల పలక ఆ వ్యవస్థకు గుర్తు.

స్టేషను బయట ఒక వ్యక్తి మాకు ఎదురై, తెల్ల పలక ఉన్న తన సొంత కారును రోజుకు మూడువందల రూపాయలు తక్కువకే ఇస్తానన్నాడు. కారు చూడముచ్చటగా ఉన్నది. “దారిలో ఎవరైనా ఆపితే స్నేహితుడి కారని చెప్పండి, చాలు” అని సలహా కూడా ఇచ్చాడు. నాలుగు రోజులకు పన్నెండు వందలు ఆదా. కాని సొంత వాడకానికి బీమా చేసిన కారును అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే, బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉన్నది. అప్పుడు నష్టం మనదే. ఎదుటివారికి గాయమైతే ఆ బాధ్యత జీవితాంతం వెంటాడుతుంది. పైగా యాత్ర మొదటి గంటలోనే, పోలీసు అడిగితే ఏ అబద్ధం చెప్పాలో తల్లి ఎదుట, బిడ్డ ఎదుట వల్లె వేసుకోవడం నాకు నచ్చలేదు. ఆయనకు నమస్కారం చెప్పి ముందుకు సాగాము.

మేము ముందుగా మాట్లాడుకొన్న కారు నల్ల పలక గల మారుతి వ్యాగన్ ఆర్. ఇంతకంటె చౌకగా మరింత చిన్న కార్లు కూడా దొరుకుతాయి. దీనినే ఎన్నుకోవడానికి కారణం సీటు ఎత్తు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు క్రిందికి కూలబడవలసిన కారులో కూర్చోలేరు, కూర్చొంటే లేవలేరు. దీని పైకప్పు ఎత్తు, తలుపు వెడల్పు. ముందు సీటులో అమ్మ కుర్చీలో కూర్చొన్నట్లే కూర్చొన్నది. మరి వెనుక సామాను పెట్టుకొనే చోటు మాత్రం తక్కువే. కనుక పెద్ద సూట్‌కేసులు బసలోనే ఉంచి, ఒక సంచి, మంచినీళ్ళ సీసాలు, అమ్మ చేతికర్ర, మందుల పెట్టె – ఇంతవరకే కారులో పెట్టుకొన్నాము.

చార్జి తీసుకోవడం

మన సంస్థలో షిఫ్టు మారేటప్పుడు ఒక పద్ధతి ఉన్నది. వెళ్ళేవారు లాగ్‌బుక్‌లో వ్రాసినది చదివి, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూచి, ఆ తరువాతే వచ్చేవారు సంతకం చేస్తారు. సంతకం పడిన క్షణం నుండి బాగోగులు కొత్తవారివి. అద్దె కారును తీసుకోవడంలోనూ సరిగా ఇదే పద్ధతి పాటించాలి.

కారు తెచ్చిన యువకుడు తాళంచెవులు చేతిలో పెట్టి వెళ్ళబోయాడు. పది నిమిషాలు ఉండమన్నాను. రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య పరీక్ష, పర్మిట్ పత్రాల గడువులు చూచాము. నాలుగు టైర్లు, వాటి గాడులు, వెనుకనున్న స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానరు చూచాము. హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, సూచిక దీపాలు, హారను, వైపరు – అన్నీ వేసి చూచాము. వెనుక బంపరుపై ఎడమ వైపు జానెడు గీత, ముందు తలుపుపై చిన్న సొట్ట ఉన్నాయి. వాటిని మా అమ్మాయి ఫోనులో ఫొటోలు తీసింది. ఒప్పంద పత్రంలో వాటిని వ్రాయించి అతని సంతకం తీసుకొన్నాను. పెట్రోలు ముల్లు ఎక్కడ ఉన్నదో కూడా వ్రాయించాను. ఏ స్థాయిలో తీసుకొన్నామో ఆ స్థాయిలో తిరిగి ఇవ్వాలి. ధరావతు ఎంత, ఎప్పుడు తిరిగి వస్తుంది, గోవా సరిహద్దు దాటవచ్చునా, బండి నిలిచిపోతే ఏ నంబరుకు ఫోను చేయాలి – ఇవన్నీ అడిగి తెలుసుకొన్నాము. సరిహద్దు దాటరాదని మా ఒప్పందంలో ఉన్నది. ఆ యువకుడు మొదట కొంచెం విసుగుపడినా, చివరకు, “మీలాగా అందరూ చూస్తే మాకూ గొడవలుండవు సార్” అన్నాడు.

స్టీరింగు ముందు కూర్చొన్నాక మరొక పని మిగిలి ఉంటుంది. ప్రతి కారుకూ ఒక స్వభావం ఉంటుంది. క్లచ్ ఎంత పైకి వచ్చాక పట్టుకొంటుంది, బ్రేకు ఎంత నొక్కితే నిలుస్తుంది, రివర్స్ గేరు ఎటు పడుతుంది – ఇవి ఖాళీ వీధిలో ఒక అరగంట తిప్పి తెలుసుకోవాలి. వెనుక కూర్చొన్నవారు కూడా సీటుబెల్టు పెట్టుకోవలసిందే; అది చట్టం కూడా.

ఎర్రరాతి గోడల నడుమ

గోవా అందం జాతీయ రహదారిపై కనిపించదు. అది ఊళ్ళ నడుమ సాగే సన్నని రోడ్లపై ఉన్నది. రెండు ప్రక్కలా ఎర్రని జంబిటిట్ట రాతి గోడలు, వాటిపై పచ్చని నాచు, గోడల వెనుక కొబ్బరి, పనస, జీడిమామిడి చెట్లు; ఒక మలుపు తిరిగితే తెల్లని చర్చి, మరొక మలుపు తిరిగితే తులసికోట గల పెంకుటిల్లు, ఇంకొక మలుపులో కొంగలు వాలిన వరిచేను. పాత ఇళ్ళ ముందు బల్కావ్ అనే కప్పు గల అరుగులుంటాయి. సాయంకాలం పెద్దవారు అక్కడ కూర్చొని దారినపోయే వారిని పలకరిస్తూ ఉంటారు. మన ఊళ్ళలోని వీధి అరుగులు మాయమైపోయాయని బాధపడే అమ్మ, వాటిని చూచి ఎంతో సంబరపడినది.

ఈ రోడ్లపైనే చిన్న కారు విలువ తెలుస్తుంది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు గోడకు ఒదిగి నిలబడడానికి, అవసరమైతే ఇరవై గజాలు వెనక్కు వెళ్ళి దారి ఇవ్వడానికి, చెట్టు క్రింద దొరికిన కాస్త చోటులో ఆపుకోవడానికి చిన్న కారుకే వీలు. పెద్ద కార్లవారు మలుపుల వద్ద చెమటలు తుడుచుకొంటూ ఉండగా మేము నెమ్మదిగా ప్రక్కనుండి వెళ్ళిపోయాము. మలుపుల వద్ద హారను కొట్టి, వేగం తగ్గించి వెళ్ళాలి. స్కూటర్లు ఎటునుండైనా రావచ్చును.

రెండు హెచ్చరికలు చెప్పవలసి ఉన్నది. కొందరు యాత్రికులు సరదా కోసం కారును సముద్రతీరపు ఇసుకలోకి దింపుతారు. అది అక్కడ నిషిద్ధం. అలలు వచ్చేవేళ చక్రాలు కూరుకొనిపోయిన కార్లను బయటకు లాగడం స్థానికులకు పెద్ద శ్రమ. రెండవది మద్యం. గోవాలో అది సులభంగా దొరుకుతుంది కనుకనే ఈ మాట. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే వాహనం నడపడం నేరం. అసలు తాళంచెవి చేత పట్టినవాడు గ్లాసు పట్టకపోవడమే మంచిది.

మంగేషిలో ఒక ఉదయం

రెండవ రోజు ఉదయమే మడగావ్ నుండి బోరిం వద్ద జువారీ నది వంతెన దాటి, ఫోండా మీదుగా మంగేషి చేరుకొన్నాము. ఫోండా ప్రాంతంలో ఇన్ని ప్రసిద్ధ ఆలయాలు ఒకేచోట ఉండడానికి ఒక చారిత్రక కారణం ఉన్నది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తమ ఏలుబడిలోని ఆలయాలను కూల్చివేయ నారంభించినప్పుడు, భక్తులు దేవతామూర్తులను రహస్యంగా నదులు దాటించి, వారి అధికారం సాగని ఈ ప్రాంతానికి చేర్చారు. మంగేష స్వామి లింగం మొదట జువారీ తీరాన కుశస్థలిలో, అంటే నేటి కొర్తాలిలో ఉండేది. 1560లో దానిని ఇక్కడికి తెచ్చారు. వెర్ణాలోని మహాలసా అమ్మవారు మార్దోల్‌కు, కేలోశిలోని శాంతాదుర్గ కవళేకు వచ్చినదీ ఆ కాలపు కల్లోలంలోనే. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఫోండా కూడా పోర్చుగీసుల వశమైనది. కాని అప్పటికి వారి మతోద్రేకం చాలావరకు చల్లారింది. అందుచేత ఈ గుళ్ళు నిలిచాయి.

కొబ్బరితోపుల నడుమ కోనేరు, దాని వెనుక ఏడంతస్తుల తెల్లని దీపస్తంభం, దాని వెనుక గుమ్మటం గల ఆలయం. మన గోపురాలకు అలవాటుపడిన కన్నులకు ఆ కట్టడం కొత్తగా తోస్తుంది. హిందూ, ముస్లిం, ఐరోపా శైలులు మూడూ అందులో కలిసిపోయాయి. లతా మంగేష్కర్ తండ్రి, రంగస్థల గాయకుడు దీనానాథ్ 1900లో ఈ ఊళ్ళోనే జన్మించారు. ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకొన్నారు.

ఆలయం వరకు కొంత దూరం నడవాలి, కొన్ని మెట్లు ఎక్కాలి. అమ్మ పది అడుగులకొకసారి ఆగుతూ, ఒక చేత చేతికర్ర, ఒక చేత మనవరాలి భుజం పట్టుకొని నడిచింది. మా ప్రక్కనుండి రెండు టూరిస్టు బస్సుల వారు వెళ్ళారు, దర్శనం చేసుకొని తిరిగి వచ్చారు. వారి గైడు “ఇంకా పది నిమిషాలే” అని కేకలు వేస్తున్నాడు. ఆ బస్సులో వచ్చి ఉంటే అమ్మ కోనేటి వరకు కూడా చేరి ఉండేది కాదు. మమ్మల్ని తొందరపెట్టేవారు ఎవరూ లేరు. కారు చెట్టునీడన ఉన్నది. తాళంచెవి నా జేబులో ఉన్నది.

దర్శనమైన తరువాత అమ్మ మంటపం అరుగుపై కూర్చొన్నది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత మా అమ్మాయి తల తన ఒడిలోకి తీసుకొని, పెదవులు కదిలీ కదలనట్లుగా ఆ పాట పాడింది. మధ్యలో ఒకచోట గొంతు ఆగిపోయింది. “నానమ్మా, తరువాత ఏమిటి?” అని మా అమ్మాయి అడిగింది. “తరువాతది మీ చిన్న తాతయ్య ఎన్నడూ విననేలేదే. అంతలోపే నిద్రపోయేవాడు” అన్నది అమ్మ. మేము అక్కడ రెండు గంటలకు పైగా ఉన్నాము. అనుకొన్న మరో రెండు ప్రదేశాలు ఆనాడు చూడలేకపోయాము. ఎవరికీ విచారం కలుగలేదు.

పడవ ఎక్కిన కారు

మూడవ రోజు పాత గోవా. ఒకప్పుడు ప్రాచ్యంలో పోర్చుగీసు సామ్రాజ్యానికి రాజధాని. అంటురోగాలవల్ల జనులు క్రమంగా విడిచిపోగా, 1843లో రాజధాని హోదా పణజీకి దక్కింది. నేడు పచ్చిక మైదానాల నడుమ మహా కట్టడాలు మాత్రం మిగిలాయి. 1594లో ఆరంభమై 1605లో ప్రతిష్ఠ జరిగిన బాం జీసస్ బసిలికాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం వెండి పేటికలో ఉన్నది. ఆయన 1552లో చైనా తీరం చెంతనున్న ఒక ద్వీపంలో మరణించారు. దాదాపు పదేళ్ళకొకసారి ఆ పేటికను క్రిందికి దించి ప్రజాదర్శనానికి ఉంచుతారు. అట్టి దర్శనం 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు జరిగింది. ఇక్కడి చర్చీలు, మఠాలు 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాలలో ఒంటరిగా నిలిచిన 46 మీటర్ల గోపురం చూచినప్పుడు మనసు బరువెక్కుతుంది.

వాస్కో డ గామా వంశీకుడు కట్టించిన విజయ తోరణం దాటి దిగితే మాండవీ నది రేవు. అక్కడినుండి దివార్ ద్వీపానికి పడవ ఉన్నది. అడుగు చదునుగా ఉండే ఇనుప పడవ. ముందుభాగపు పలక ఒడ్డుపైకి వాలుతుంది. స్కూటర్లు, సైకిళ్ళు, చేపల గంపలు, బడిపిల్లలు, వారి నడుమ కార్లు. సిబ్బంది చేతిసైగలను అనుసరించి కారును అంగుళం అంగుళం జరిపి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచాను. మా ముందున్న పెద్ద కారుకు చోటు చాలక మరుసటి పడవకు ఆగవలసి వచ్చింది. మా చిన్న కారు రెండు స్కూటర్ల ప్రక్కన ఇమిడిపోయింది.

గోవాలో పడవ అంటే వినోదం కాదు, నిత్యావసరం. 1970లో మాండవిపై నిర్మించిన నెహ్రూ వంతెన 1986 జూలై 5న కూలిపోయినప్పుడు పణజీ ప్రజలు మళ్ళీ పడవలనే ఆశ్రయించారు. 2019లో ప్రారంభమైన అటల్ సేతువుపై నేడు నిమిషాలలో నది దాటవచ్చును. దివార్ వాసులు మాత్రం నేటికీ పడవలపైనే వెళ్ళివస్తున్నారు. వంతెన లేకపోవడంవల్లనే కాబోలు, ఆ ద్వీపంలో నిశ్శబ్దం మిగిలి ఉన్నది.

తాంబడి సుర్ల దారిలో

నాలుగవ రోజు తూర్పున మొల్లెం అడవుల వైపు వెళ్ళాము. ఫోండాలో పెట్రోలు నింపుకొన్నాము. కొండవాలు రోడ్లపై నలుగురితో, ఏసీతో ఎక్కేటప్పుడు చిన్న ఇంజను కొంత ఆయాసపడుతుంది. అప్పుడు ఏసీ ఆపి, రెండవ గేరులో నెమ్మదిగా ఎక్కాలి. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగితే బ్రేకులు వేడెక్కవు.

ప్రధాన రహదారి వదిలి అడవి దారి పట్టిన కొద్దిసేపటికి కారు ఎడమకు లాగసాగింది. ముందు టైరులో రాతిముక్క దిగింది. ఫోను సిగ్నలు లేదు. చుట్టూ అడవి, కారులో పెద్దావిడ. కాని మొదటి రోజున స్టెప్నీ, జాకీ చూచుకొన్నాము గనుక ధైర్యం కోల్పోలేదు. కారును సమతలంలో ఆపి, హెచ్చరిక దీపాలు వేసి, అందరినీ దించి, వెనుక చక్రానికి రాళ్ళు అడ్డుపెట్టాను. చక్రం నేలపై ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తరువాత జాకీ ఎక్కించాలి. నట్లు బిగించేటప్పుడు ఒకదాని తరువాత దాని ప్రక్కది కాక, ఎదురెదురుగా ఉన్నవాటిని బిగించాలి. మన భద్రతా శిక్షణలో చెప్పే మాటలే ఇవన్నీ. వీల్ స్పానరు మా అమ్మాయి చేతికే ఇచ్చాను. ఎన్నడూ చేయని పని చేసిన సంతోషం ఆ మసి అంటిన ముఖంలో కనిపించింది.

అంతలో స్కూటరుపై వెళుతున్న దంపతులు ఆగి, అమ్మ కూర్చోవడానికి రోడ్డు ప్రక్కన గోనెసంచి పరిచారు. పని ముగిసేవరకు వెళ్ళలేదు. బయలుదేరుతున్నప్పుడు నేను వచ్చీరాని కొంకణిలో “దేవ్ బరేఁ కరూఁ” అన్నాను. కొంకణిలో ధన్యవాదాలు చెప్పే తీరు అది. దేవుడు మేలు చేయుగాక అని అర్థం. వారు నవ్వి, అదే మాట మాకూ చెప్పారు.

అడవి మధ్యలో తాంబడి సుర్ల మహాదేవాలయం చిన్నది, అపురూపమైనది. కదంబ రాజుల కాలంలో, 12–13 శతాబ్దాల నాటిది. గోవాలో దొరికే ఎర్రరాయి కాక, కనుమల ఆవలినుండి తెచ్చిన నల్లరాతితో కట్టారు. దట్టమైన అడవిలో ఉండడంవల్లనే ఇది ధ్వంసం కాకుండా మిగిలినదంటారు. మన పాలంపేటలోని రామప్ప ఆలయం 1213 నాటిది. ఇంచుమించు ఒకే యుగంలో రెండు ప్రాంతాల శిల్పులు నల్లరాతిని పలికించిన తీరును పోల్చుకోవడం ఆనందదాయకం. మంటపంలో తల విరిగిన నంది, స్తంభం మొదట గుర్రాన్ని త్రొక్కుతున్న ఏనుగు శిల్పం, ప్రక్కన ఏరు – గంటసేపు మైమరచి కూర్చొన్నాము.

అప్పగింత

తిరుగుదారిలో తిస్క్ వద్ద పంక్చరు వేయించి, ఆ చక్రాన్ని తిరిగి దాని స్థానంలో బిగించుకొన్నాము. మరునాడు రైలుకు ముందు కారు లోపల ఇసుక, కాగితాలు తీసివేసి, అద్దాలు తుడిచి, పెట్రోలు మొదటి స్థాయికి నింపాము. కారు తీసుకోవడానికి వేరొక వ్యక్తి వచ్చాడు. వెనుక బంపరుపై గీత చూపి, ఇది కొత్తది, ధరావతులో కొంత మినహాయించాలన్నాడు. ఒప్పంద పత్రం, మొదటి రోజు ఫొటో చూపించాము. మారు మాట లేకుండా ధరావతు మొత్తం తిరిగి ఇచ్చాడు. పంక్చరు సంగతి నేనే చెప్పాను. చెప్పకపోతే అతనికి తెలిసేది కాదు. కాని ఆ టైరుతో రేపు మరొక కుటుంబం అదే అడవిదారిలో వెళ్ళవచ్చును.

నాలుగు రోజుల అద్దె, పెట్రోలు కలిపి చూస్తే నలుగురికి డ్రైవరుతో టాక్సీకంటె తక్కువే అయినది. అయితే ఈ పద్ధతి అందరికీ అనుకూలమని అనను. నిత్యం కారు నడిపే అలవాటు లేనివారు, చీకటిలో నడపలేనివారు టాక్సీ తీసుకోవడమే క్షేమం. నడపగలవారికి మాత్రం నేను చెప్పదలచినది ఒక్కటే. అద్దె కారు మనది కాదు. కాని మన చేతిలో ఉన్నంతకాలం దాని మంచిచెడ్డలు మనవే. ఈ మాట మనం పనిచేసే యంత్రాలకు, నివసించే క్వార్టర్లకు, నడిచే రోడ్లకు కూడా వర్తిస్తుంది. చూచి తీసుకోవాలి, జాగ్రత్తగా వాడాలి, తరువాత వచ్చేవారిని తలచుకొని అప్పగించాలి.

అంతటి జాగ్రత్తకు ప్రతిఫలంగా ఆ చిన్న కారు మాకిచ్చినది ఆగదలచినచోట ఆగే స్వేచ్ఛ. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలలేని పెద్దలు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు. ఎన్నడూ నోరు తెరిచి అడగని కోరిక ఒకటి వారి మనసులోనూ ఉండి ఉంటుంది. ఈసారి సెలవు పెట్టేముందు వారిని ఒకమాట అడిగి చూడవలసిందిగా సహోద్యోగ మిత్రులకు నా విన్నపం.